నొప్పులు ముదరక ముందే

మొదటి కాన్పుకు భోకర్‌లోని అత్తగారింటి నుంచి నాందేడ్‌లో మా అమ్మ దగ్గరికి వచ్చాను. తొమ్మిదో నెలలో డాక్టరమ్మ ఒక పరీక్ష చేయించింది. బిడ్డ బయటికి వచ్చే దారిలో ఒక రకం బ్యాక్టీరియా ఉందట. చాలామంది ఆడవాళ్లకు ఉంటుందట, తల్లికి ఏ బాధా తెలియదట, కాన్పులో బిడ్డకు అంటితేనే ప్రమాదమట. నొప్పులు మొదలుకాగానే వచ్చెయ్యాలని, పుట్టడానికి నాలుగు గంటల ముందైనా సూదిమందు ఎక్కాలని మరీ మరీ చెప్పింది.

ఈ మాట అమ్మకు చెప్పలేదు. వాడిన సబ్బును కూడా కడిగి పెట్టే మనిషి ఆమె. నేను పెంచిన పిల్లకు ఇదేం రోగమని ఇల్లు పీకి పందిరేస్తుందని భయపడ్డాను. నాకూ సిగ్గే. రిపోర్టును చీరల అడుగున పెట్టాను.

ఒకరోజు పొద్దున్నే నడుములో నొప్పి మొదలైంది. ఆసుపత్రికి పోదామన్నాను.

"గిప్పుడే ఏం పోతవ్? తొలుసూరు కాన్పు, పొద్దూకేదాక కాదు. వాము నీళ్లు తాగి ఇంట్ల తిరుగు. జల్ది పోతె ఆపరేషన్ అంటరు" అంది అమ్మ.

మా ఇళ్లలో అదే పద్ధతి. నొప్పులు ముదిరేదాకా గడప దాటనివ్వరు. వంటింటికీ వాకిలికీ మధ్య తిరుగుతూ గడియారం చూశాను. అరగంటయింది. గంటయింది. అమ్మ తీరిగ్గా జొన్నరొట్టెలు చేస్తోంది. నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. రిపోర్టు తెచ్చి ఆమె ముందు పడేసి మొత్తం చెప్పేశాను.

"సూది పడకుంటె పుట్టినంక బిడ్డకు జరమొస్తదట, పాలు తాగదట, పాణం మీదికొస్తదట. ఇంగ తిరుగుమంటవా?"

తిడుతుందనుకున్నాను. పిండి చేతులతోనే స్టవ్ ఆపింది.

"గిట్లనే పోయిండు" అంది.

"ఎవరు?"

"నీకన్న ముందు ఒకడు పుట్టిండు బిడ్డా. రెండో దినం ఒళ్లు కాలిపోయింది, పాలు పట్టలే. గ్రహణం నాడు నేను బయటికి పోయిన్నని అందరన్నరు. నేను గూడ గదే అనుకున్న."

ఇన్నేళ్లలో ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. అడగడానికి వ్యవధి లేదు. చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పోయి ఆటో పిలుచుకొచ్చింది.

సూదిమందు సమయానికే ఎక్కింది. సాయంత్రం పాప పుట్టింది. రెండు రోజులు కనిపెట్టి చూడాలన్నారు. ఆ రెండు రోజులూ అమ్మ మంచం పక్కనుంచి కదల్లేదు. పాప నుదుటి మీద చేయి వేస్తుంది, తీస్తుంది, మళ్లీ వేస్తుంది. "దాన్ని జర పండనియ్యవే అమ్మా" అని నేనే కసిరాను.

మూడోనాడు డాక్టరమ్మ పాప బాగుందని, ఇంటికి తీసుకుపోవచ్చని చెప్పింది. అమ్మ లేచి నిలబడి, పోయిన కొడుకు సంగతి మరాఠీలో చెప్పి, అదీ ఇదేనా అని అడిగింది. ఇప్పుడు చెప్పలేమంది డాక్టరమ్మ. ఆమే అమ్మ చేయి పట్టుకుని, "ఆజీ, తుమచీ చూక్ నవ్హతీ" అంది. అమ్మమ్మా, అందులో మీ తప్పు లేదని.

అమ్మ పాపను ఒళ్లోకి తీసుకుని చాలాసేపు దాని మొహంలోకి చూసింది.

"నీకొక మేనమామ ఉండె, బిడ్డా" అని చెప్పింది.