అన్న పేరుకు పలికినవాడు

పటాన్‌చెరు పక్కన పొలాలు ఫ్యాక్టరీకి పోయినప్పుడు, భూమి ఇచ్చిన ఇంటికి ఒక నౌకరి అన్నారు. చిన్నరాములు ఇంట్లో పట్టా అన్న పెద్దరాములు పేరు మీద ఉండేది. 1967లో నౌకరి కాగితం వచ్చేసరికి అన్న బొంబాయిలో కూలికి పోయి ఉన్నాడు.

అన్న వచ్చేదాకా గడువు అడుగుదామనే చిన్నరాములు ఆ కాగితం పట్టుకుని ఫ్యాక్టరీ ఆఫీసుకు పోయాడు. గుమాస్తా తలెత్తకుండానే అడిగాడు. "నువ్వేనా పెద్దరాములు?"

"నేనే సార్."

ఆ మాట నోట్లోంచి ఎట్లా వచ్చిందో అతనికే తెలియలేదు. వెనక్కి మాత్రం తీసుకోలేదు.

ఏడాదికి అన్న తిరిగొస్తే, "నువ్వు లేవని నా పేరు మీద రాసిన్రు" అన్నాడు.

"పోనీ, ఇంట్ల ఒకనికన్న దొరికింది" అన్నాడు పెద్దరాములు.

1974 ఎండాకాలంలో ఆ ఫ్యాక్టరీలోనే పైపుల కోసం కందకం తవ్వే పనికి పెద్దరాములు కొత్తగా కుదిరాడు. తమ్ముడికి ఆ సంగతి తెలియదు. మొదటిరోజే సూపర్‌వైజర్ త్రినాథరావు, గోదావరి వైపు మనిషి, షెడ్డు ముందు నిలబడి కేకేశాడు. "పెద్దరాములూ, ఓసారి ఇలా రావయ్యా."

"వస్తున్న సార్" అంటూ గడ్డపార పక్కన పెట్టి అన్న పైకెక్కాడు. మిషన్ దగ్గర నుంచి చేతులు తుడుచుకుంటూ తమ్ముడూ వచ్చాడు.

"నిన్ను కాదయ్యా" అన్నాడు త్రినాథరావు అన్నతో. "మా పెద్దరాములుని."

అన్న తమ్ముడి మొఖం చూశాడు. మళ్లీ కందకంలోకి దిగాడు. చిన్నరాములుకు ఆ పూట సూపర్‌వైజర్ చెప్పిన పని ఒక్క ముక్క చెవికెక్కలేదు.

ఇంటికి పోయి భార్య బీరమ్మకు అంతా చెప్పాడు. ఆమె పిండి పిసికే చెయ్యి అట్లనే ఆగిపోయింది. "ఇన్నేండ్లు బావకు ఎదురుంగ ఎట్ల తిరిగినవయ్యా?"

తెల్లారి త్రినాథరావు ముందు నిలబడి నిజం చెప్పేశాడు. ఆయన రిజిస్టరు తీసి ఆ పేరు చూశాడు. "ఎంత పని చేశావయ్యా. నీ ఉద్యోగం పోతుంది. మీ అన్నకి వయసు దాటింది, అతనికీ రాదు."

నెల తిరక్కుండా అట్లనే అయింది. నౌకరి ఇద్దరిలో ఎవరికీ మిగల్లేదు.

చిన్నరాములు అన్న గడప దగ్గర కూర్చున్నాడు. పెద్దరాములు అడిగింది ఒక్కటే. "దినాం నా పేరు పెట్టి పిలుస్తుంటే, ఒక్కనాడన్న నేను యాదికి రాలేదార?"

"పిలిచినప్పుడల్ల యాదికొచ్చినవన్నా."

ఆ జవాబుకు పెద్దరాములు గోడకు ఆనుకున్నాడు. తర్వాత లేచి లోపలికి పోయాడు.

చిన్నరాములు కూడా కందకాల పనిలోనే చేరాడు. నాలుగేళ్లు పక్కపక్కనే తవ్వారు, మాటల్లేవు. 1978లో అన్న బిడ్డ పెండ్లికి వదిన దేవమ్మ వచ్చి బొట్టు పెట్టి పిలిచింది. చిన్నరాములు పోయి పందిట్లో చివరి వరుసలో కూర్చున్నాడు. పప్పు గిన్నె పట్టుకుని వడ్డిస్తూ వచ్చిన పెద్దరాములు అతని విస్తరి ముందు ఆగాడు.

"ఇంకింత పెట్టాల్నా?"

చిన్నరాములు విస్తరి ముందుకు జరిపాడు. తలూపాడు.