ముందే తాలింపు వేసిన పప్పన్నం

వచ్చే వారం నల్లమలలో మూడు రోజుల ట్రెక్కింగ్ ఉంది. అక్కడ వేడినీళ్లు పోస్తే భోజనం తయారైపోవాలని పప్పన్నం వండి మిద్దె మీద ఎండబెట్టాను. రుచి కోసం తాలింపు ఘనంగానే వేశాను. రెండు రోజుల తర్వాత ఈ మధ్యాహ్నం చూస్తే గలగలమనాల్సింది జిడ్డుగా ముద్దకట్టి, చీమలకు విందైపోయింది.

పక్కింటి పోలమ్మక్కను పిలిచాను. మైపాడు ఒడ్డున చిన్నప్పటి నుంచీ చేపలు ఎండబెడుతున్న మనిషి. వేళ్లతో నలిపి చూసి నవ్వింది.

"నూనె యాడన్నా ఎండతాదా పాపా? ఉత్త పప్పన్నం ఎండేసుకో. తాలింపు ఆడికి పోయినాక పెట్టుకో."

అంతకుముందు నేను ఎండబెట్టిన ఉత్త అన్నం గుప్పెడు ఉంటే, వేడినీళ్లు పోసి మూతపెట్టి ఇచ్చాను. పావుగంట తర్వాత తిని, గిన్నె అడుగు మెతుకులు కూడా ఊడ్చుకుంటూ అడిగింది.

"మా ఆయన రెండేసి దినాలు పడవ మీదనే ఉంటాడు. ఆ గాలికి పొయ్యి నీళ్లు కాగిందాకా నిలబడతాది గానీ, అన్నం ఉడికిందాకా ఉండదు. ఇది ఆయనకి పనికొస్తాది గదా?"

రేపు మా మిద్దె మీద రెండు చాపలు పరుస్తున్నాం. నేను అడవికి బయల్దేరేలోపే అక్క మూట సముద్రం మీదికి వెళ్తుంది.

మీరేమేం ఎండబెడతారో చెప్పండి. ఈసారి నేను తాలింపు వేయకముందే చెప్పండి.