కిటికీ కరాటే

మల్లేశ్వర్‌కి బ్లాక్ బెల్ట్ ఎవరూ ఇవ్వలేదు. తనే కట్టుకున్నాడు. తల్లి శివమ్మ పాత నల్ల లంగా అంచు చించి నడుముకు రెండు చుట్లు చుట్టాడు. ఆమె వారం రోజులు తిట్టింది. అతను ఆ వారమంతా నడుము నిటారుగా పెట్టుకొని తిరిగాడు.

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో అతని పని ట్రాలీలు నెట్టడం. వాళ్ళ రెండెకరాల జొన్నచేను ఎయిర్‌పోర్టు కిందికి పోయింది. ఆ తర్వాత ఓ కాంట్రాక్టరు దగ్గర దొరికిన కొలువిది. ముప్ఫై ట్రాలీలు ఒకదాన్లో ఒకటి దూర్చి, పొడుగాటి రైలులా తోసుకుంటూ, తను పుట్టిన ఊరి మీద అటూ ఇటూ తిరుగుతుంటాడు. ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే మాత్రం మాస్టర్నని చెప్పేవాడు.

ఆ విద్య ఎక్కడిదంటే పాల క్యాన్ల దాకా పోవాలి. ఇరవై ఏళ్ళప్పుడు సైకిల్ మీద బుద్వేల్‌కి పాలు పోసేవాడు. అక్కడ ఒక హాలులో పొద్దున్నే కరాటే క్లాసు జరిగేది. చేరే స్తోమత లేదు. కానీ వెనక సందులో కిటికీ ఉంది. క్యాన్లు దించి, ఊచలు పట్టుకొని రెండేళ్ళు చూశాడు. లోపల పిల్లలంతా కిటికీ వైపే ముఖం పెట్టి చేసేవారు. ఎదురుగా వాళ్ళు ఎలా కదిలితే సందులో ఇతనూ అలాగే కదిలేవాడు. ఈలోగా పాలు అందక, చాయ్ లేక, బుద్వేల్ ఆడవాళ్ళు అతని వంశాన్నంతా తలుచుకునేవారు.

2011 చలికాలంలో తుక్కుగూడ అవతల సత్తయ్య ఇటుక బట్టీలోకి ఒరిస్సా నుంచి, బలంగీర్ వైపు నుంచి జనం దిగారు. వాళ్ళ పిల్లలు బోరు దగ్గరికి నీళ్ళకు పోతే ఊరి పోరగాళ్ళు బిందెలు తన్నేవారు. ఓ సాయంత్రం మల్లేశ్వర్ డ్యూటీ దిగి సైకిల్ మీద వస్తూ చూశాడు. తొమ్మిదేళ్ళ పిల్ల, ఒలికిపోయిన బిందె పక్కన నిలబడి ఉంది. ఏడవడం లేదు. తన్నినవాడి కాలు వైపే చూస్తోంది, మళ్ళీ ఎప్పుడు లేస్తుందో కనిపెడుతున్నట్టు. ఆ పిల్ల పేరు సుకాంతి.

మర్నాడే బట్టీలో క్లాసు మొదలైంది. పచ్చి ఇటుకలు తిరగేసే పని అయిపోయాక ఒక గంట ఆడుకోనిస్తానని సత్తయ్య ఒప్పుకున్నాడు. పన్నెండుమంది పిల్లలు. శివమ్మ పాత చీర పన్నెండు పేలికలైంది, ఆమె పసుపు డబ్బా ఖాళీ అయింది, పన్నెండు పసుపు బెల్టులు తయారయ్యాయి. కూరలోకి పసుపేదని ఆమె అడిగితే, ఒరిస్సా పోయిందని చెప్పాడు.

మొదటి పాఠం తన్నడం కాదు, నిలబడడం.

"ఎవడన్న గెదిమితే ఉరుకొద్దు. గట్టిగ నిలబడున్రి. కండ్లల్లకి సూడున్రి."

రెండు నెలలకు బోరు దగ్గర తన్నులాట ఆగింది. ఎవరూ ఎవర్నీ కొట్టలేదు. పన్నెండుమంది బిందెలు పక్కన పెట్టి, వరసలో నిలబడి, నమస్కారంగా ఒక్కసారే నడుం వంచారు. పోరగాళ్ళకు ఏం చేయాలో తోచలేదు. తిట్టుంటే తిరిగి తిట్టేవాళ్ళు.

ఆ తర్వాత కటా నేర్పాడు. అంటే ఎదుట శత్రువు లేకపోయినా ఉన్నాడనుకొని, వరస తప్పకుండా వేసే అడుగులూ గుద్దులూ. సుకాంతికి అది ఒంట్లోకి ఇంకిపోయింది. వానలకు ఊరికి పోయి దీపావళి దాటాక తిరిగొచ్చినప్పుడు ఒక్క అడుగు కూడా మర్చిపోలేదు. తెలుగు కూడా బట్టీలోనే పట్టేసింది, తిట్లతో సహా.

శంషాబాద్‌లో ఓ ప్రైవేటు బడి నడిపే పెద్దమనిషి ఎయిర్‌పోర్టులో దిగినప్పుడల్లా మల్లేశ్వర్ ఆయన ట్రాలీ లాక్కొని కారు దాకా ఈ పిల్ల కథే చెప్పేవాడు. చివరికి ఆయన విసిగి, కరాటే పోటీలో మెడల్ తెస్తే బళ్ళో, హాస్టల్లో ఫ్రీ సీటు ఇస్తానన్నాడు. సుకాంతి తల్లి ఆ మాట రెండుసార్లు చెప్పించుకొని విన్నది. ఈసారి వానలకు తాము పోయినా పిల్ల ఇక్కడే చదువుకుంటుంది, ఇటుక ముట్టదు. ఆ రాత్రే పిల్లకు కొత్త గౌను కొంటానని బట్టీ అంతా చెప్పుకొచ్చింది.

పోటీ 2013 ఫిబ్రవరిలో, షాద్‌నగర్‌లో ఒక ఫంక్షన్ హాలులో జరిగింది. సుకాంతి వంతు ఆరోది.

మొదటి అమ్మాయి కటా మొదలుపెడుతూనే ఎడమకు తిరిగింది. తప్పు చేసిందని మల్లేశ్వర్ లోలోపల సంబరపడ్డాడు. రెండో అమ్మాయీ ఎడమకే తిరిగింది. మూడో అమ్మాయీ అటే తిరిగింది. బుద్వేల్ కిటికీ కళ్ళముందు కనిపించింది. ఎదురుగా ఉన్న పిల్లలు వాళ్ళ ఎడమకు తిరిగితే, సందులో తను కుడికి తిరిగాడు. రెండేళ్ళపాటు అంతా తిరగేసి నేర్చుకున్నాడు. దాన్నే పన్నెండుమందికి పంచాడు.

సుకాంతి వచ్చి పక్కన కూర్చుంది. గొంతు తగ్గించింది.

"మాస్టర్, అందరు ఎడమకు తిరుగుతున్రు. మనం కుడికి గదా. నేను మార్చి చెయ్యనా? నాకస్తది."

ఆ పిల్లకు వస్తుంది. అది అతనికీ తెలుసు. అవునంటే చాలు. కానీ పక్క కుర్చీల్లో అసలు మాస్టర్లు ఉన్నారు, పేర్లు కుట్టించుకున్న బెల్టులతో. అందులో ఒకడు ఇటు తిరిగి వింటున్నాడు. మల్లేశ్వర్ చెయ్యి తన నడుం మీది లంగా అంచు ముడి మీదికి పోయింది.

"ఆల్లకు ఎవరో తప్పు నేర్పిండ్రు. మనదే కరెక్ట్. నేను చెప్పినట్టు చెయ్."

సుకాంతి అతని కళ్ళలోకి చూసింది, అతను నేర్పినట్టే. తర్వాత నడుం వంచి లేచిపోయింది.

అంత బాగా ఆ పిల్ల ఎన్నడూ చేయలేదు. ఒక్క అడుగు తడబడలేదు. మొదటి నుంచి చివరిదాకా అంతా తిరగబడి ఉంది. కాకినాడ వైపు నుంచొచ్చిన జడ్జి ముచ్చటపడుతూనే తల అడ్డంగా ఊపాడు.

"కష్టపడ్డావమ్మా, కానీ మొత్తం తిరగేసి చేశావు. ఎవరు నేర్పారు నీకు? అద్దంలో చూసి నేర్చుకున్నావా?"

హాలంతా నవ్వింది. మల్లేశ్వర్ కిందికి వంగి చెప్పు సర్దుకున్నాడు.

"ఎవరు నేర్పలే సార్," అంది సుకాంతి. "నేనే మర్చిపోయిన."

తిరిగొచ్చే బస్సులో సీటు ఖాళీగా ఉన్నా సుకాంతి కూర్చోలేదు. పాలమాకుల దాటాక పసుపు బెల్టు విప్పి, మడిచి, అతని ఒళ్ళో పెట్టింది.

"నీకెర్కనే గదా?" అంది. మాస్టర్ అనలేదు.

"ఏంది?" అన్నాడు మల్లేశ్వర్.

ఆ పిల్ల ముందు తలుపు దగ్గరికి పోయి నిలబడింది.

మళ్ళీ బట్టీకి పోవడానికి అతనికి ఇరవై రోజులు పట్టింది. ఇటుకల దొంతర చాటున నిలబడ్డాడు. సుకాంతి మోచేతుల దాకా మట్టితో, చిన్నపిల్లల్ని వరసలో నిలబెట్టి కటా చెప్తోంది. పిల్లలంతా ఎడమకు తిరుగుతున్నారు. సుకాంతి అతన్ని చూసింది. నడుం వంచలేదు, పాఠం ఆపలేదు. దూరంగా తల్లి పచ్చి ఇటుకలు తిరగేస్తూ రమ్మని కేకేస్తోంది.

మల్లేశ్వర్ దొంతర చుట్టూ తిరిగి పిల్లల వెనక్కి పోయాడు. ఈసారి వాళ్ళ వీపులు కనిపించేలా నిలబడ్డాడు. వాళ్ళతోపాటే మొదటి అడుగు వేశాడు.

కాలు కుడికే పోయింది.