ఒంటికన్ను రాక్షసుడి వకీలు

మహబూబాబాద్ స్టేషన్ రోడ్డులో టీవీలు బాగుచేసే ఫకీర్ అహ్మద్‌కు ఒకటే జబ్బు. టీవీ మాట్లాడితే ఊరుకోడు, జవాబు చెప్తాడు. వార్తలు చదివే అమ్మాయి "నమస్కారం" అంటే, చేతిలోని సోల్డరింగ్ కడ్డీ దించకుండానే "నమస్తే బిడ్డా, ఇయ్యాలన్న సక్కగ చదువు" అంటాడు. వాతావరణం చెప్పేవాడు "కోస్తాలో చెదురుమదురు జల్లులు" అంటే, "మా దిక్కు సంగతేంది, మాకు మొగులు లేదా" అని నిలదీస్తాడు. సబ్బు ప్రకటనలో ఆమె కన్ను గీటినప్పుడు మాత్రం ఏమీ అనడు. వెనక గదిలో భార్య జైనబ్ ఉంటుంది.

ఆయన ఎవరి దగ్గరా పని నేర్చుకోలేదు. చిన్నప్పుడు తండ్రి రేడియో విప్పాడు. మళ్లీ బిగించడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో తిన్న దెబ్బలే ఆయన చదువు. అందుకే పని రానివాణ్ని క్షమిస్తాడు గానీ, పని చెడగొట్టేవాణ్ని క్షమించడు. బాగైన టీవీ రెండు గంటలు బల్ల మీద మాట్లాడాకే ఇంటికి పోవాలి. "బొమ్మదేమున్నది, ఎట్లనన్న వస్తది. మాట సక్కగ రావాలె" అంటాడు. ఆయన లెక్కలో స్పీకరు గరగరమన్నా లోపమే, లోపల మనిషి తప్పు పలికినా లోపమే. మొదటిదాన్ని కడ్డీతోనూ రెండోదాన్ని తిట్లతోనూ బాగుచేస్తాడు.

పక్క గదిలో కేబుల్ ఆఫీసు నడిపే ఓదెలుకు పదిహేనేళ్లుగా ఇదంతా వినక తప్పడం లేదు. ఊళ్లో ఎవరికేం లోపం కనపడ్డా ముందు అతనికే ఫోను వస్తుంది.

"చాచా, మొండయ్య సారు టీవీ బాగుచేసినవట. ఇంటికి పోయినంక సుత గొణుగుతున్నదంట."

"గొణిగేది టీవీ గాదు, మొండయ్య. రెండు గంటలు నా తాన కూసున్నడు గదా, నేర్చుకున్నడు."

మామూలు రోజులైతే ఓదెలు నవ్వేవాడే. ఆ సంవత్సరం నవ్వే పరిస్థితి లేదు. అతని కూతురు భాగ్యకు పదకొండేళ్లు. మహదేవపూర్ దగ్గరి పల్లెలో నాయనమ్మ గట్టమ్మ చేతుల్లో పెరిగింది. అక్కడ బడి ఐదో తరగతితో అయిపోతే, జూన్‌లో తెచ్చి మహబూబాబాద్‌లో ఇంగ్లీషు బడిలో వేశారు. ఊళ్లో ఉన్నప్పుడు గోదావరి ఒడ్డున నిలబడి అవతలి ఒడ్డు వాళ్లతో మాట్లాడేదని పేరున్న పిల్ల. జూలైలో ఒకరోజు బడినుంచి వచ్చి, ఇక మాట్లాడలేదు. అడిగితే తల ఊపుతుంది. ఆకలైతే పళ్లెం తెచ్చి ముందు పెడుతుంది. దవాఖానలో టార్చి వేసి చూసి గొంతు బంగారంలా ఉందన్నారు. బంగారంలా ఉన్న గొంతు రెండు నెలలైనా పలకలేదు. ఇలాగే ఉంటే వెనక్కి ఊరికి పంపి బడి మాన్పించడమే అని భార్య లక్ష్మీనర్సమ్మ రోజూ అంటోంది.

ఇంట్లో ఇలా ఉంటే, పక్క గదిలో ఫకీర్ అహ్మద్ ఒక రాక్షసుడి మాట బాగుచెయ్యాలని కొట్లాటకు దిగాడు.

పిల్లల చానల్‌లో రోజూ నాలుగింటికి గ్రీకు దేశపు కథల కార్టూన్ వచ్చేది. అందులో ఒక పిల్లవాడు. వాడి తండ్రి కొండ మీద ఉండే దేవుడు, కిందికి దిగడు. తల్లి సముద్రం ఒడ్డున వలలు అల్లి పెంచుతుంది. వాడికి ఇద్దరు దోస్తులు. ఒకడు నడుము దాకా మనిషి, కింద గుర్రం. రెండోవాడు గొర్రెలు కాసుకునే ఒంటికన్ను రాక్షసుడు. గుర్రం మనిషికి జ్వరం వస్తే ఒంటికన్నాయన రాత్రంతా గొర్రె బొచ్చు కప్పి కాపలా ఉంటాడు. పుట్టినరోజుకు తండ్రి రాలేదని పిల్లవాడు ఏడిస్తే, వాణ్ని భుజాల మీద నిలబెట్టి కొండ చూపిస్తాడు. మొత్తం కథలో బంగారంలాంటి మనిషి ఎవరంటే ఆ రాక్షసుడే.

తెలుగులోకి మార్చినవాళ్లు మిగతా అందరికీ నున్నటి పుస్తకాల తెలుగు ఇచ్చారు. నవ్వించడానికి ఒంటికన్నాయనకు ఒక్కడికే తెలంగాణ మాట పెట్టారు. అదైనా సరిగ్గా పెట్టలేదు.

"నాకు ఆకలైతున్నడు" అన్నాడు రాక్షసుడు ఒకరోజు.

ఫకీర్ అహ్మద్ కడ్డీ కింద పెట్టాడు. ఆయన కడ్డీ కింద పెట్టడం ఓదెలు అప్పుడే మొదటిసారి చూశాడు.

"ఆకలైతున్నడట. ఆకలి మొగోడా? గిది ఏ ఊరి మాట ఓదెలు? నర్మెట్టల గిట్లంటరా, భూపాలపల్లిల అంటరా? ముప్పై ఏండ్ల సంది టీవీలు మోసుకుంట తిరుగుతున్న, ఏ ఇంట్ల వినలే."

"కార్టూన్ చాచా. ఎక్కిరిచ్చుడే గదా."

"ఎక్కిరిచ్చుడు సుత పనే. చేస్తే సక్కగ జెయ్యాలె. మమ్ముల తిట్టెటోళ్లకు మా తిట్లన్న రావాలె గదా."

మర్నాడు చానల్ వాళ్ల నంబరు సంపాదించి, ఓదెలు ఫోనులోంచే మాట్లాడాడు.

"నమస్కారం సార్, మీకు ఏ విధంగా సహాయపడగలను?"

"ఒంటికన్నాయన మాట మార్చాలె."

"ఏ కన్నయ్య సార్?"

"కన్నయ్య గాదు బిడ్డా. ఒక్క కన్నే ఉన్నాయన. గొర్లు కాస్తడు."

"సార్, మా దగ్గర గొర్రెల ప్యాకేజీ లేదు సార్."

పావుగంట తర్వాత ఆ అమ్మాయి, "మీ ఫిర్యాదు స్వీకరించబడింది సార్" అంది.

"ఎవరు స్వీకరించిండ్రు?"

"స్వీకరించబడింది సార్."

"పని జేసినోడికి పేరుంటది బిడ్డా. పేరు లేదంటే పని గాలేదన్నట్టు."

ఆ తర్వాత కార్డులు రాశాడు, ఇరవై మూడు. ఇరవై మూడింటిలోనూ రాక్షసుడి తప్పులు ఎడమవైపు, ఒప్పులు కుడివైపు. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఓదెలుకు ఒళ్లు మండిపోయేది. కన్నబిడ్డ నోరు పెగలక తను పరేషాన్ అవుతుంటే, ఈ పెద్దమనిషి లేని రాక్షసుడి కోసం కార్డులు ఖరాబు చేస్తున్నాడు. పిల్ల ఎట్లుందని ఒక్క పూట అడిగిన పాపాన పోలేదు.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బడులు మూశారు, బస్సులు ఆగాయి, నడిరోడ్డు మీద జనం పొయ్యిలు పెట్టి వండుకు తిన్నారు. బొగ్గు గనుల్లో పని ఆగడంతో కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. ఇంటి పట్టునున్న పిల్లలంతా నాలుగింటికి కార్టూన్ ముందే ఉన్నారు. అప్పుడు ఫకీర్ అహ్మద్ కేబుల్ ఆఫీసులోకి వచ్చి నిలబడ్డాడు.

"నీ తాన గా చానల్ డబ్బాకు బొమ్మ తీగ వేరు, మాట తీగ వేరు గదా. నాలుగు గొట్టంగ మాట తీగ పీకు. మైకు బెట్టు. అందరి మాటలు నేను మాట్లాడుత."

"మంచిగున్నవా చాచా? చానలోళ్లకు తెలిస్తే నా కేబులు బందు వెడతరు."

"బస్సులు బంద్, ఇస్కూలు బంద్, ఆఫీసులు బంద్. నీ కేబులొక్కటే మిగిలిందా?"

"నా బిడ్డ నోరు బందై నేనేడుస్తుంటే, నీకు రాక్షసుని నోరు బాధైందా?" అన్నాడు ఓదెలు. ఆ మాట రెండు నెలలుగా గొంతులో ఉంది.

ఫకీర్ అహ్మద్ తన దుకాణంలోకి వెళ్లిపోయాడు. కానీ మూడో రోజు కరెంటు ఎగిరెగిరి వచ్చి, కురవి రోడ్డు స్తంభం మీది కేబుల్ యాంప్లిఫయర్ కాలిపోయింది. రెండు వందల ఇళ్లలో బొమ్మ పోయింది. దాన్ని బాగుచెయ్యగలిగిన మనిషి జిల్లా మొత్తంలో ఒక్కడే.

"రెండు గంటల్ల బాగైతది" అన్నాడు ఫకీర్ అహ్మద్, దాన్ని అటూఇటూ తిప్పి చూసి. "మైకు ఎన్ని గంటల్ల వస్తది?"

"ఒక్కరోజు. ఒక్కటంటె ఒక్కరోజు."

"ఇంకొకటి. నాకు బొమ్మ నోరు ఎప్పుడు తెరుస్తదో సరిగ కనవడదు. భాగ్యను తోలుక రా. నోరు తెరిచినప్పుడల్లా నా భుజం మీద తట్టాలె. మాట్లాడే పని లేదు."

వెంట్రుకంత పగులును ఉత్త కంటితో పట్టే మనిషి ఈ మాట అన్నప్పుడే ఓదెలుకు అనుమానం రావాల్సింది. కోపంలో ఉన్నాడు, రాలేదు.

మర్నాడు నాలుగింటికి మాట తీగ పీకారు. మైకు ముందు ఫకీర్ అహ్మద్, వెనక స్టూలు మీద భాగ్య. గుర్రం మనిషిని పాతాళంలో బంధించారు. వాణ్ని విడిపించడానికి పిల్లవాడు బయల్దేరుతున్నాడు. కొండ మీది తండ్రి మేఘాల్లోంచి నోరు తెరిచాడు. భాగ్య తట్టింది.

"క్యా రే, కిదర్ జారా? ఇంటికాడ ఉండరాదు?" అన్నాడు దేవుడు. ఫకీర్ అహ్మద్ తండ్రి అచ్చంగా అలాగే అడిగేవాడు.

తర్వాత ఒంటికన్నాయన. వెక్కిరింపు లేదు, ఎగతాళి లేదు. పంచాయితీలో పెద్దమనిషి మాట్లాడినంత నిదానంగా అన్నాడు. "ఒక్కనివి ఎట్ల పోతవ్‌రా దోస్తు? గొర్లను జర ఎవరికన్న అప్పజెప్పి నేను సుత వస్త, పా."

ఫోను మోగింది. "ఓదెలన్నా, రాక్షసుడు మా పెద్ద బావ లెక్క మాట్లాడుతున్నడు. మా టీవీ ఖరాబైందా?"

"మంచిగనే ఉన్నది, చూడు" అని పెట్టేశాడు ఓదెలు.

ఇంతలో తెర మీదికి పిల్లవాడి తల్లి వచ్చింది. సముద్రం ఒడ్డున కొడుకు చేతికి మూట ఇచ్చి, నోరు తెరిచింది. ఫకీర్ అహ్మద్ గొంతు సన్నం చేసి, రేకు గీసినట్టు పలికాడు.

"జాగ్రత్తగా వెళ్లి రమ్ము నాయనా."

తట్టే చెయ్యి గాలిలో ఆగింది. భాగ్య ఆయన మొహంలోకి చూసింది. ఆయన ఆమె వైపు చూడలేదు.

"నీకు శుభము కలుగుగాక, పుత్రా."

"తాతా" అంది భాగ్య.

రెండు నెలలు వాడని గొంతు. తుప్పు పట్టిన గడియ తీసినట్టు వచ్చింది. ఓదెలు కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉండిపోయాడు.

"గట్లనరు" అంది కోపంగా.

"మరెట్లంటరు?"

"ఊళ్లె నన్ను బస్సెక్కిచ్చేటప్పుడు గట్టమ్మ అవ్వ గట్లనలే." మైకు తన వైపు తిప్పుకుంది. "పైలం బిడ్డా. కిటికీల కెళ్లి చెయ్యి బయట వెట్టకు. మూటల సర్వపిండి ఉన్నది, ఆకలైతే తిను, దాసుకోకు. ఎవలన్న ఏమన్నంటె ఏడ్వకు. ఇంటికొచ్చి నాకు చెప్పు, నేను చూసుకుంట."

బొమ్మలో పిల్లవాడు పడవ ఎక్కుతున్నాడు. పడవకు కిటికీ లేదన్న సంగతి మహబూబాబాద్‌లో ఎవరూ పట్టించుకోలేదు, ఒక్కడు తప్ప.

"ఓడకు కిటికీ ఏడిది?" అన్నాడు ఫకీర్ అహ్మద్, ఉండబట్టలేక.

"ఉన్నది తాతా. నీకు కనవడ్తలేదు."

ప్రకటనలు మొదలయ్యాయి. భాగ్య నీళ్లు తాగడానికి బయటికి పరుగెత్తింది. టీవీలో బిడ్డ గొంతు విని ఉరికొచ్చిన తల్లితో ఏదో చెప్తోంది. లక్ష్మీనర్సమ్మ ఏడుస్తూనే దానికి జవాబు చెప్తోంది. ఓదెలు మైకు మూసి, ఫకీర్ అహ్మద్ ఎదుట కూర్చున్నాడు.

"తప్పు మాట కావాలని మాట్లాడినవు."

"మాట్లాడుతుంటే నాలుక మీద వాత పెట్టుకున్నట్టైంది."

"నీకెట్ల తెలుసు చాచా, దాని నోరు ఎందుకు బందైందో?"

ఫకీర్ అహ్మద్ చొక్కా గుండీ సరిచేసుకున్నాడు. "జూలైల నా దుకాణం ముంగట్నే. ఇస్కూలు పోరగాండ్లు దాన్ని చుట్టేసిండ్రు. ఒంటికన్నూ, ఒంటికన్నూ అని. ఇదేమన్నదని? 'నాకు తెల్వది' అన్నది, గంతే. కార్టూన్ల రాక్షసుడు మాట్లాడినట్టున్నదంట. నేను ఉరికేసరికి పారిపోయిండ్రు. పిల్ల నా చెయ్యి వట్టుకొని, నాయినకు చెప్పకు తాతా అన్నది. గదే దాని ఆఖరి మాట. చెప్పనని మాటిచ్చిన."

ఓదెలు తల వంచుకున్నాడు. ఇరవై మూడు కార్డులు కళ్ల ముందు తిరిగాయి.

"నాకన్న చెప్తే ఇస్కూలుకు వోయి అడుగుదును గదా."

"నువ్వు పోతే లొల్లైతది. లొల్లితోని ఆ పోరగాండ్ల నోరు మూత పడతది, దీని నోరు తెరుచుకోదు. టీవీల కెళ్లి వచ్చిన జబ్బు ఓదెలు, టీవీల కెళ్లే బాగుచెయ్యాలె. గా ఒంటికన్నోడు మంచిగ మాట్లాడితే, ఒంటికన్ను అని పిలిస్తే దీనికేం బాధ?"

ఇంతలో ఫోను మోగింది. కురవి రోడ్డు నుంచి బుచ్చి అనే ఆమె. గొంతు గదంతా వినిపించేంత పెద్దది.

"ఓదెలూ, తల్లి మాట మాట్లాడిన పిల్ల ఎవరు? మా ఇంటిల్లిపాది కండ్లల్ల నీళ్లు తీసుకున్నం. అన్ని మాటలు దానితోనే చెప్పియ్యి. మధ్యల గా ముసలాయన ఎవరో, చెవులల్ల ఇసుక వోసినట్టున్నది. ఆయనను జర బందు వెట్టు."

ఫకీర్ అహ్మద్ ఫోను లాక్కున్నాడు.

"నా గొంతుకేమైందమ్మా? దేవుడు మాట్లాడినప్పుడు సుత ఇసుకేనా? గుర్రపాయన ఇంక రానే లేదు, వచ్చినంక విను. వినకుండనే పని ఖరాబన్నట్టు మాట్లాడుడు మంచిది గాదు..."

ప్రకటనలు అయిపోయాయి. తెర మీద ఒంటికన్నాయన వచ్చి నోరు తెరిచాడు. నీళ్లు తాగి వచ్చిన భాగ్య ఫకీర్ అహ్మద్ భుజం మీద తట్టింది. ఆయనకు తెలియలేదు. మళ్లీ తట్టింది. ఆయన బుచ్చికి దేవుడి మాటలు మొదటినుంచి చెప్పి వినిపిస్తున్నాడు. తెర మీద రాక్షసుడు నోరు మూస్తూ తెరుస్తూ ఊరంతటి ముందు మూగవాడిలా నిలబడ్డాడు.

భాగ్య స్టూలు ముందుకు జరుపుకుని, మైకు తెరిచింది.

"జర ఆగుండ్రి" అన్నాడు ఒంటికన్ను రాక్షసుడు, పదకొండేళ్ల గొంతుతో, మహబూబాబాద్‌లోని అన్ని ఇళ్లలోనూ. "తాత ఫోన్ల కొట్లాడుతున్నడు."