ఏసుపాదం చేతుల దగ్గర మోగిన మీటరు

అర్థమైన రోజుల్లోనూ అర్థం కాని రోజుల్లోనూ మన చెయ్యి వదలని ప్రభువుకు స్తోత్రం. ఇది అర్థం కాని రోజుల సంగతి గనుక స్తుతి ముందే చెల్లించి మొదలుపెడుతున్నాను.

1998లో నేను బందరులో కాపురముండి, కృత్తివెన్ను వైపు వేస్తున్న గ్యాస్ పైపులైను పనిలో రేడియోగ్రఫీ సేఫ్టీ ఆఫీసరుగా చేసేవాణ్ణి. విరిగిన ఎముకకు ఎక్స్‌రే తీసినట్టే పైపు అతుకులకు గామా కిరణాలతో ఫొటో తీస్తారు. ఆ కిరణాలిచ్చే ఇరీడియం ఒక చిన్న లోహపు గొట్టంలో మూసి ఉంటుంది. గొట్టం ఉండే బరువైన పెట్టెను మేము కెమెరా అంటాం. గొట్టం చిట్లితే ఇరీడియం పొడి చేతులకంటి ఒంట్లోకి చేరుతుంది. అందుకే కొన్ని నెలలకోసారి లీక్ టెస్ట్ చేస్తాం. స్పిరిట్‌లో తడిపిన దూదితో పెట్టె మూతి తుడిచి, ఆ దూదిని ల్యాబుకు పంపుతాం. అణువిద్యుత్ కేంద్రాలను తనిఖీ చేసే అధికారులే మా పెట్టెకూ పైవాళ్ళు.

ఆసారి దూదిలో రేడియోధార్మికత కనిపించిందని కబురొచ్చింది. పని ఆపమన్నారు. నేను స్వయంగా మళ్ళీ తుడిచి పంపాను. అందులో ఏమీ లేదు! ఒకసారి ఉండి ఒకసారి లేకపోవడమేమిటో నాకు అంతుబట్టలేదు. పైవాళ్ళకూ అంతుబట్టక ఇన్‌స్పెక్టరును పంపారు.

ఆయన నెమ్మదస్తుడు. "మీ దగ్గర ఎప్పుడూ ఎవరు తుడుస్తారో వారిచేతే తుడిపించండి" అన్నాడు. మొదటి దూది తీసింది మా టెక్నీషియన్ ఏసుపాదం. కృత్తివెన్ను దాటాక సముద్రం వైపున్న ఒక పల్లె అతనిది. నేను అక్కడి సంఘానికి అప్పుడప్పుడు వాక్యం చెప్పడానికి వెళ్ళేవాణ్ణి. అతను తుడిచి దూది అందించాడు. ఇన్‌స్పెక్టరు చేతిలోని రేడియేషన్ కొలిచే మీటరు టిక్కుటిక్కుమంది. ఇన్‌స్పెక్టరు మీటరును పెట్టె మూతి దగ్గర పెట్టి చూశాడు, మామూలుగా ఉండేదానికంటే తేడా ఏమీ లేదు. ఒక్క క్షణం ఆలోచించి ఏసుపాదం వేళ్ళ దగ్గర పెట్టాడు. టిక్కులు మొదలయ్యాయి.

ఏసుపాదం నా వైపు చూశాడు. "అన్నయ్యగారూ, ఇదేంటండీ?"

సబ్బుతో కడిగించాం. టిక్కులు ఆగిపోయాయి. అయితే అసలు ఎక్కడ అంటింది? పెట్టె శుభ్రంగా ఉంది, గది శుభ్రంగా ఉంది, అతని చేతులు మాత్రం శుభ్రంగా లేవు. ఇన్‌స్పెక్టరు కెమెరాకు సీలు వేసి, "అది ఇరీడియం కాదని రుజువయ్యేదాకా ఇరీడియమే అనుకోండి. ఇతన్ని పనికి దూరంగా ఉంచండి" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు సాయంత్రం మీటరు సంచిలో వేసుకుని ఏసుపాదం ఇంటికి వెళ్ళాను. అతను అరుగు చివర కూర్చుని ఉన్నాడు. గుమ్మంలో అతని భార్య సువార్త రెండు నెలల పిల్లను ఎత్తుకుని నిలబడి ఉంది.

"రండి అన్నయ్యగారూ. మీ తమ్ముడు నిన్నటినించి ఇంట్లోకి రాడంట. కంచం కూడా నేను దూరం నించి జరపాలంట. మా ఇంట్లో బాలింత నేనా, ఆయనా?" అంది. నవ్వించాలనే అంది గానీ, పిల్లను ఇంకాస్త దగ్గరకు పొదువుకుంది.

"పిల్లని ముట్టుకోవచ్చో లేదో చెప్పండి చాలు," అన్నాడు ఏసుపాదం. "ఉద్యోగం పోతే పోయిందండి."

చేతుల దగ్గర మీటరు పెట్టాను. మోగలేదు. "ముట్టుకో" అనడానికి నోరు తెరిచాను. కానీ నిన్న అంటింది మళ్ళీ అంటదని నాకేం తెలుసు? "కొంచెం ఆగు, తమ్ముడూ" అన్నాను.

ఆ నెలంతా ఆ పల్లెలో సాయంత్రం ప్రార్థన కూటాలు జరుగుతున్నాయి. కరెంటు ఉండేది కాదు. చీకటి పడుతుండగా నన్నూ పిలిచారు. సంఘానికి పెట్రోమాక్స్ లైటు వెలిగించడం ఏసుపాదం సేవ. అతని తండ్రి కూడా అదే చేసేవాడట. పిల్లను ముట్టుకోని మనిషి ఆ సేవ మాత్రం మానలేదు. దేవుని పనిలో దోషమేముంటుందని అతనూ అనుకున్నాడు, నేనూ అనుకున్నాను.

అతను లైటు దించాడు. మంటకు తొడిగే గుడ్డ వలను మాంటిల్ అంటారు. ఒకసారి కాలాక అది బూడిదగానే నిలబడి వెలుగిస్తుంది, తాకితే రాలిపోతుంది. పాత మాంటిల్‌ను వేళ్ళతో నలిపి దులిపాడు, చేతులు లుంగీకి తుడుచుకుని కొత్తది కట్టి వెలిగించాడు. అందరం తలలు వంచాం. ప్రార్థన మధ్యలో నాకేం తోచిందో తెలియదు, సంచిలో చెయ్యి పెట్టి మీటరు ఆన్ చేసి, సంచిని లైటు పక్కకు జరిపాను.

టిక్కుటిక్కుమని మొదలైంది.

"ఎవరయ్యా గడియారం తెచ్చింది? ప్రార్థన ఎప్పుడైపోద్దా అని చూస్తన్నారా?" అన్నారు సంఘపెద్దగారు కళ్ళు తెరవకుండానే.

వెలుగు బాగా రావడానికి ఆ మాంటిళ్ళలో థోరియం అనే లోహం కలిపేవారని అప్పుడు గుర్తొచ్చింది. అదీ రేడియోధార్మికమే. రాత్రి లైటు బాగుచేసిన చేత్తో, సబ్బు పెట్టకుండా, పొద్దున్నే పెట్టె తుడిస్తే దూది ఏం చెబుతుంది? సంతోషించాలో భయపడాలో నాకు తెలియలేదు. కూటం అయ్యాక ఏసుపాదానికి చెప్పాను.

"అయితే మన దీపంలోనే ఉందా అండి?" అన్నాడు ఏసుపాదం. అతని మొహం పెట్టెను అనుమానించిన రోజుకంటే ఎక్కువగా వాడిపోయింది. "నాన్న కూడా ఇదే నలిపాడు కదా. ఇంతమంది దీని కిందే కూర్చున్నాం కదా."

నేను అనుకున్నదే నిజమని నమ్మడానికీ భయమే. మాంటిల్ బూడిదనూ ఇన్‌స్పెక్టరు ముందు అతను తీసిన దూదినీ పొట్లాలు కట్టి ల్యాబుకు పంపాను. అప్పటిదాకా పిల్లను ముట్టుకోవద్దన్నాను. సువార్త పిల్లను భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఉత్తరం రావడానికి వారాలు పట్టింది. దూది మీదున్నది థోరియమేనని, ఇరీడియం గొట్టం చెక్కుచెదరలేదని రాశారు. చేతులకు అంటుకునే ఆ కాస్త బూడిద వల్ల భయపడనక్కర్లేదట. కానీ ఉత్త చేత్తో నలపవద్దని, పీల్చవద్దని, కడుక్కోకుండా తినవద్దని రాశారు. ఇకమీదట దూది పట్టే మనిషి గ్లవ్స్ వేసుకోవాలి, ముందు అతని చేతులకు మీటరు పెట్టాలి. సీలు తీశారు, పని మొదలైంది.

ఉత్తరం నేనే తీసుకెళ్ళి చదివి వినిపించాను. ఏసుపాదం మోచేతులదాకా సబ్బు రాసి కడుక్కుని వచ్చి చేతులు చాచాడు. సువార్త పిల్లను అందించింది. పిల్ల అతని మొహంలోకి చూసి, కొత్తవాళ్ళను చూసినట్టు బిక్కమొహం పెట్టి, గుక్కపట్టి ఏడ్చింది.

"అలవాటు పడుద్దిలెండి" అంది సువార్త. అతను తల ఊపాడు గానీ పిల్లను వెనక్కి ఇవ్వలేదు. అలాగే అటూ ఇటూ తిరుగుతూ ఉండిపోయాడు.

పరీక్ష, దూది మీద ఏముందో చెబుతుంది, అది ఎక్కడినుంచి వచ్చిందో చెప్పదని ఆ కేసు నాకు నేర్పింది. పెట్టె చుట్టూ కంచె కట్టిన మేము, మంచిదని నమ్మిన చోటికి మీటరు తీసుకెళ్ళలేదు. ఇక, ఆగమని నేను చెప్పింది మంచిదేనా? తెలియని దాన్ని తెలుసని చెప్పకూడదన్నది నా వృత్తి. ఒక తండ్రిని అన్ని వారాలు బిడ్డకు దూరంగా ఉంచడం సరైనదో కాదో మాత్రం నాకు ఈరోజుకీ తెలియదు.

ఇది చదువుతున్న సహోదరులారా, సహోదరీలారా, ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి. ప్రభువా, తమ చేతులను తామే చూసి భయపడుతున్నవారిని జ్ఞాపకం చేసుకో. వారికి జవాబు వచ్చేదాకా పక్కన కూర్చునే ఓపిక మాకియ్యి. ఆమెన్.