నిప్పు అడగబోయిన సాయంత్రం

నా చిన్నప్పుడు ఆదివారం పొద్దున మా వాడలో ఆడవాళ్లంతా ఒక చేతి పిడికిలి బిగించి నడిచేవాళ్లు. కొత్తవాళ్లు చూస్తే ఎవరితోనో దెబ్బలాటకు పోతున్నారనుకోవాలి. ఆ పిడికిట్లో ఉండేవి జొన్నలు. వంట చేసే ప్రతిసారీ చిటికెడు గింజలు తీసి పక్కన పెట్టి, ఆదివారం వాటిలోంచి పిడికెడు తెచ్చి మందిరంలో గంపలో పోయడం మా సంఘం పద్ధతి. కోస్గికి అవతల, బస్సు రోడ్డుకు దూరంగా ఉన్న ఊరు మాది. వాన పడితే జొన్న, పడకపోతే వలస. కానుక పాట మొదలవగానే ఆడవాళ్లు వరసగా లేచి ముందుకు పోయి, అందరూ చూస్తుండగా గంప మీద పిడికిలి విప్పేవాళ్లు. ఆ గింజలు మా పాస్టరు అయ్యగారి ఇంటికి పోయేవి. ఆయన కూడా మాలాంటి బీదవాడే.

గంప పక్కన నిలబడేది మా అవ్వ. మా అమ్మా నాయినా మేస్త్రీ వెంట బొంబాయి పనులకు పోయేవాళ్లు గనుక నేను అవ్వ దగ్గరే పెరిగాను. ఆమె స్త్రీల సమాజానికి పెద్ద. అక్షరం ముక్క రాకపోయినా బైబిలు వాక్యాలు గడగడా చెప్పేది. ఇక ప్రార్థన ఎత్తుకుందంటే పిల్లలం ఒక కునుకు తీసి లేచేవాళ్లం. అప్పటికి ఆమె ఇంకా మా ఊరి సంగతులే దేవునికి చెప్తూ ఉండేది. జిల్లా, దేశం, రాజులు, అధికారులు అంతా తర్వాత. మా సంఘంలో దేనికి కరువొచ్చినా ప్రార్థనకు మాత్రం రాలేదు.

కానుక పాట ఎత్తుకునేది మా పక్కింటి చిన్నమ్మ. మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒకటే మట్టి గోడ. ఆమె గొంతు వింటే బయట మేకలు కాసేవాళ్లు కూడా ఆగేవాళ్లు. పెనిమిటి మేస్త్రీ గుంపుతో పోయాడు. చంటిబిడ్డను ఎత్తుకుని రాళ్లు మోయలేదు గనుక ఆమె ఊళ్లోనే ఉండిపోయింది. ఆ బిడ్డ అప్పుడప్పుడే గోడ పట్టుకుని నడుస్తూ మా వాకిట్లోకి వచ్చేది. నేను చంకనేసుకుని వాడంతా తిప్పేదాన్ని. నా సొంత చెల్లెలే అనుకునేదాన్ని.

ఆ ఏడు వానలు మొండికేశాయి. చేలల్లో కూలి లేదు. బొంబాయి పోయినవాళ్ల నుంచి కబురు లేదు. అందరి ఇళ్లలోనూ జొన్న గటక పలచబడుతూ వచ్చింది. ఆ రోజుల్లోనే చిన్నమ్మ మందిరానికి రావడం మానేసింది. మొదట ఒంట్లో బాగలేదేమో అనుకున్నారు. మా అవ్వ గోడ మీంచి అడిగితే ఒకసారి పనుందన్నది, ఒకసారి తలనొప్పి అన్నది. మూడోసారి అడగడానికి మా అవ్వకు పౌరుషం అడ్డొచ్చింది. బిడ్డ కూడా మా వాకిట్లోకి రావడం మానేసింది. నేను పోయి అడిగితే పడుకున్నదని చిన్నమ్మ చెప్పేది. సాయంత్రాలు వాళ్లింటి మీద అందరి ఇళ్ల లాగే పొగ లేచేది గనుక ఎవరికీ వేరే అనుమానం రాలేదు.

మొగుడు దూరమై విశ్వాసంలో చల్లారిందని సంఘంలో మాట పుట్టింది. ఆ మాట అన్నవాళ్లు చెడ్డవాళ్లు కారు. మందిరానికి రాని మనిషి ఎందుకు రాలేదంటే మాకు తెలిసిన కారణం అదొక్కటే. అందుకని ఆమె కోసం మోకాళ్లూని ప్రార్థన చేశారు. పేరు పెట్టి, కన్నీళ్లు పెట్టి, శత్రువు చేతిలోంచి విడిపించమని ప్రతి కూటంలోనూ అడిగారు. అందరికంటే గట్టిగా అడిగింది మా అవ్వ. ఆ శత్రువు ఆకలి అని ఒక్కరికీ తోచలేదు.

ఒకరోజు స్త్రీల సమాజం కూటం పొద్దుగూకే దాకా సాగింది. ఆ రోజు కూడా చిన్నమ్మ కోసమే చాలాసేపు ప్రార్థన. ఇంటికొచ్చి చూస్తే మా పొయ్యి ఆరిపోయి ఉంది. ఆ రోజుల్లో అగ్గిపుల్ల అంత తేలిగ్గా గీసేవాళ్లు కాదు. వంటయ్యాక రెండు నిప్పుల మీద బూడిద కప్పి దాచుకునేవాళ్లం. అవీ ఆరిపోతే పెంకు పట్టుకుని పక్కింటికి పోయి అడిగేవాళ్లం. ఉప్పు లేదన్న ఇల్లు ఉంటుంది గానీ సాయంత్రం పూట నిప్పు లేదన్న ఇల్లు ఉండదు. అవ్వ నా చేతికి ఒక కుండ పెంకు ఇచ్చింది.

"పో బిడ్డా, చిన్నమ్మనడిగి రెండు నిప్పులు పట్టుకరా. గీ ఆదివారమన్న రమ్మన్నదని చెప్పు."

చిన్నమ్మ గడప మీద కూర్చుని ఉంది. ఒళ్లో బిడ్డను పడుకోబెట్టి చెంగు కప్పింది. నేను నిప్పులు అడిగితే నా వైపు చూడకుండా, "లేవు బిడ్డా. ఇంకో ఇంట్ల అడుగు" అన్నది. ఆదివారం సంగతి చెప్తే తల దించుకుంది. నేను ఖాళీ పెంకుతో తిరిగొచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"నిప్పు లేకపోవుడేంది? జరసేపు కిందనే గదా పొగ లేసింది," అన్నది అవ్వ. కట్టెలు మండితే నిప్పులు మిగులుతాయి. పిడకలు మండితే ఇంకా ఎక్కువసేపు మిగులుతాయి. ఎండుటాకులూ చెత్తా అంటిస్తే మాత్రం పొగ వస్తుంది, మంట వస్తుంది, నిప్పు మిగలదు. నాకు ఇదంతా తర్వాత తెలిసింది. ఆ క్షణంలో నేను చూసింది మా అవ్వ మొహం ఒక్కటే. చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని ఆమె పక్కింటికి నడిచిన తీరు చూసి నాకు భయం వేసింది.

గడప మీది చిన్నమ్మను దాటుకుని అవ్వ నేరుగా పొయ్యి దగ్గరికి పోయి చెయ్యి లోపల పెట్టింది. తర్వాత నన్ను పిలిచి, నా చెయ్యి పట్టుకుని తన చేతి పక్కన పెట్టింది. "చూడు," అన్నది. నల్లటి ఆకుల బూడిద. చల్లగా ఉంది. ఆ పొయ్యి మీద వంట జరిగి చాలా రోజులైందని నాకు కూడా అర్థమైంది.

"ఎన్ని దినాలాయెనే?" అని అడిగింది అవ్వ.

"శానా దినాలాయె అత్తా. పొగ లేకుంటే అందరడుగుతరని ఆకులంటువెడుతున్న," అన్నది చిన్నమ్మ. ఏడవను కూడా లేదు. "ఎవల్నడుగుదు? అందరింట్ల గట్లనే ఉన్నది గదా. ఒక ఆదివారం ఉత్త పిడికిలి తెచ్చి గంపల ఇప్పిన. దేవుని ముందట అబద్ధమాడినట్టయింది. గా మొకం పెట్టుకొని మల్ల ఎట్లొస్తనత్తా?"

ఆ ఆదివారం కూడా గంప పక్కన నిలబడింది మా అవ్వే. ఆమె గడప దగ్గరికి తిరిగొచ్చి చెంగు తీసి బిడ్డను ఎత్తుకుంది. ఉత్త చాటను ఎత్తినట్టు లేచి వచ్చింది ఆ బిడ్డ. కళ్లు తెరిచే ఉన్నాయి. నన్ను చూసి ఎప్పటిలా చేతులు చాపుతుందేమో అనుకున్నాను. చాపలేదు. నేను ఎదురింటికి పరిగెత్తి గంజి తెచ్చాను. అవ్వ వేలితో తడిపి ఆ నోట్లో పెడుతుంటే సగం బయటికే వచ్చింది. తెల్లవారకముందే అయ్యగారు ఎవరిదో బండి కట్టించారు. దవాఖానకు పోవాలంటే కోస్గి దాకా బండి, ఆ తర్వాత బస్సు. బండి కోస్గి చేరలేదు. దారిలోనే, మా అవ్వ ఒళ్లోనే, ఆ బిడ్డ పోయింది.

మట్టి చేసి వచ్చేసరికి చిన్నమ్మ ఇంట్లో గోడవారగా గింజలు కుప్ప పోసి ఉన్నాయి. ఎవరింట్లో ఏముంటే అది తెచ్చారు. జొన్నలు, సజ్జలు, గుప్పెడు కందులు. తమకు రేపటికి లేనివాళ్లు కూడా తెచ్చి పోశారు. ఆ మనుషుల ప్రేమ తక్కువదని నేను ఏనాడూ అనను. ఆ కుప్ప ముందు కూర్చుని చిన్నమ్మ ఒక్కొక్క గింజా చేతిలోకి తీసుకుని మళ్లీ కింద వేస్తూ ఉంది. ఆ దృశ్యం నేను మరిచిపోలేను. ఇంత వయసొచ్చినా జొన్నలు చెరుగుతుంటే నాకు కళ్లు తడుస్తాయి.

ఆ ఆదివారం అయ్యగారు అంతా దేవుని చిత్తమని ఓదార్పు మాటలు చెప్పబోయారు. మా అవ్వ లేచి నిలబడింది. అయ్యగారికి ఎదురు మాట్లాడటం ఆమెకు అదే మొదలు, అదే చివర.

"దేవుని మీద వెట్టకయ్యా. గోడకివతల నేనుంటి. బిడ్డ తల్లిని మార్చమని దేవునికి చెప్పిన గాని, తిన్నవా అని తల్లినొక్క మాటడగలె."

ఆ మాట అని కూర్చుంది. ఆ రోజు ఆమె ప్రార్థన చేయలేదు. ఆ మరుసటి వారం నుంచి గంపను ముందు నుంచి తీయించి తలుపు చాటున పెట్టించి పైన గుడ్డ కప్పించింది. పోసేవాళ్లు పోయొచ్చు, కావలసినవాళ్లు తీసుకోవచ్చు. అయ్యగారు కాదనలేదు.

వానలు పడ్డాక మేస్త్రీ గుంపు తిరిగొచ్చింది. చిన్నమ్మ పెనిమిటి బిడ్డకు గౌను తెస్తున్నాడని ముందొచ్చినవాళ్లు చెప్పారు. మా అవ్వ బస్సు రోడ్డు దాకా ఎదురు నడిచిపోయింది. ఇంటికొచ్చి తెలుసుకునే కంటే దారిలో తన నోటితో చెప్పడం మేలనుకుంది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తిరిగి వచ్చేటప్పుడు గౌను మాత్రం మా అవ్వ చేతిలో ఉంది. ఆ తర్వాత చిన్నమ్మ మందిరానికి వచ్చింది గానీ పాట ఎత్తుకోలేదు. మరుసటి ఏడు ఇద్దరూ వలసపోయారు. మళ్లీ ఊరి మొహం చూడలేదు.

అప్పటి నుంచి మా అవ్వకు ఒక కొత్త అలవాటు పట్టుకుంది. మా పొయ్యి భగభగా మండుతున్నా సరే, సాయంత్రం కాగానే నా చేతికి పెంకు ఇచ్చి, ఈ రోజు ఫలానా ఇంట్లో నిప్పు అడిగి రమ్మనేది. మన పొయ్యి మండుతున్నది కదా అంటే, "నీకెందుకే, పో" అని కసిరేది. నేను తిట్టుకుంటూ పోయేదాన్ని. వాళ్లు నిప్పులు ఇస్తే తెచ్చి మా పొయ్యిలోనే పడేసేది. ఇవ్వకపోతే మాత్రం మారు మాట లేకుండా గిన్నె నింపి కొంగు చాటున పట్టుకుని పోయేది. మా వాడ దాటి గొల్లవాళ్ల ఇళ్లకూ పంపేది. వాళ్లు నన్ను గడప ఎక్కనీయరు. దూరం నుంచే పెంకులోకి నిప్పులు జారవిడిచేవాళ్లు. మేం వండింది వాళ్లు ముట్టరు గనుక ఆ ఇళ్లకు గింజలే పోయేవి. వాళ్లు మన సంఘం కాదు కదా అవ్వా అని ఒకసారి అన్నాను. "పొయ్యికి గా సంగతి ఎర్కనా?" అన్నది. అప్పుడు నాకు ఆ పెంకు ప్రయాణాలన్నీ అర్థమయ్యాయి.

ఇప్పుడు నేను షాద్‌నగర్‌లో నా కూతురి దగ్గర ఉంటున్నాను. తెలంగాణ వచ్చాక ఇక్కడ కంపెనీలు పెరిగాయి, మా మందిరంలో కుర్చీలు పెరిగాయి, మైకుల మోత సంగతి చెప్పనక్కర్లేదు. నిప్పు అడిగితే నవ్వుతారు గనుక నేను కరివేపాకు అడుగుతాను, చాయ్ అడుగుతాను. పూటకో ఇంట్లో చాయ్ తాగే ముసలమ్మనని మనవరాళ్లు ఆటపట్టిస్తారు. పట్టించనీ.

కరోనా వచ్చి మందిరం తలుపులు మూసినప్పుడు ఆరాధన అంతా ఫోన్లలోనే జరిగేది. కంపెనీలో పని పోయిన ఒక జంట, కిరాయి గదిలో ఇద్దరు పిల్లలతో ఉండేవాళ్లు, కొన్ని వారాలుగా ఫోన్ ఆరాధనలో కనిపించలేదు. వారి కోసం ప్రార్థించండి అని ఎవరో రాస్తే, చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి. నా మనవరాలు అవన్నీ నాకు చూపించింది. నేను మూతికి గుడ్డ కట్టుకుని చేతికర్ర తీసుకున్నాను. బయటికి పోవద్దని నా కూతురు అరుస్తూనే ఉంది.

ఆ గదికి పోయి తలుపు తట్టి, "జర చాయ్ పోస్తవా బిడ్డా?" అని అడిగాను. తలుపు తీసిన ఆ పిల్లల తల్లి నా వైపు చూడకుండా, "గ్యాస్ అయిపోయిందమ్మా" అన్నది. అప్పుడు లోపలికి పోయాను. పొయ్యి మీద చెయ్యి పెట్టి చూశాను. వెనక్కి తిరిగి ఆమెనే నా కూతురికి ఫోన్ చేయమన్నాను. వండిన అన్నం వచ్చింది. ఆ పిల్లలిద్దరూ మాట్లాడకుండా గబగబా తింటుంటే చూడలేక బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. వాళ్ల కోసం కాదు, వాళ్లు తింటున్నారు కదా.

ఒక్కనాడు ముందు నిప్పు అడగడానికి పోయి ఉంటే ఆ బిడ్డ బతికేది అని మా అవ్వ మంచం పట్టి కన్నుమూసే దాకా అంటూనే ఉంది. ఆమె పోయాక ఆ మాట అనేవాళ్లు ఎవరూ లేరు. నేను అంటున్నాను.