ఒళ్లో ఇమిడిన గిటారు

మా ఊరు లండన్. ఇంగ్లండుది కాదు, కెనడాలో ఒంటారియోది. ఇక్కడి ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాక, ఇంటి దగ్గరి లైబ్రరీలో పెద్దవాళ్లకు గిటారు నేర్పుతున్నారని తెలిసి పేరిచ్చేశాను.

"ఇన్నాళ్లూ ఇంజెక్షనిచ్చి పడుకోబెట్టావు, ఇక గిటార్‌తో నిద్రపుచ్చడం స్టార్ట్ చేస్తావా?" అన్నారు మావారు.

ఆయన ఎగతాళికేం గాని, అసలు చిక్కు గిటారుతోనే వచ్చింది. నేను చూస్తే పొట్టి మనిషిని. క్లాసులో ఇచ్చిన గిటారు బియ్యం డబ్బా అంత ఉంది. దాని మీదుగా చెయ్యి వేస్తే భుజం చెవిదాకా లేచేది. అంచు మీద గడ్డం ఆనించుకుని, గిటారు వాయిస్తున్నానో గోడ మీంచి పక్కింట్లోకి తొంగి చూస్తున్నానో తెలియకుండా కూర్చునేదాన్ని.

నేర్పే ఆవిడ కొన్నాళ్లు ఓపిక పట్టి, ఒకరోజు తన గిటారు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. పాతకాలంది, చిన్నది. ఇంట్లో నలుగురి మధ్య కూర్చుని వాయించుకోవడానికి అప్పట్లో అలా చేసేవారట. దాని సన్నటి నడుము నా తొడ మీద చక్కగా కుదురుకుంది. తీగ మీటితే గదంతా హోరెత్తలేదు. ఎదురుగా ఉన్న మనిషి నాతో మాత్రమే మాట్లాడినట్టు పలికింది. ఆ రోజు నుంచీ, పోపు వేస్తున్నా అదే ధ్యాస.

వెతగ్గా వెతగ్గా, మా ఒంటారియోలోనే ఉన్న కేంబ్రిడ్జ్‌లో ఒక పెద్దాయన అలాంటిదే అమ్ముతున్నాడని ఆన్‌లైన్‌లో కనిపించింది. శనివారం పొద్దున్నే ఇద్దరం కారులో బయలుదేరాం.

పెద్దాయన వంటింట్లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు. గిటారు వాళ్లమ్మదట. పొలం పనులయ్యాక మేం కూర్చున్న ఆ బల్ల దగ్గరే వాయించేదట. చెక్క ముదురు బెల్లం రంగుకు తిరిగింది. గిటారు మెడ మీది మెట్ల మధ్య ఆవిడ వేళ్లు ఆనిన చోట చిన్న చిన్న గుంటలు పడ్డాయి. వాటిలో నా వేళ్లు పెట్టి చూసుకున్నాను. ఇక దాన్ని వదలబుద్ధి కాలేదు.

"ముందొచ్చినవాళ్లు గోడకు తగిలించుకుంటామన్నారు. ఇవ్వనన్నాను," అన్నాడాయన. "మీరు వాయిస్తారా?"

"నేర్చుకుంటున్నానండీ."

"అయితే ఏదో ఒకటి వాయించండి."

క్లాసులో నేర్చుకున్నదంతా ఎగిరిపోయింది. మావారు నావైపు వంగి, తెలుగులో మెల్లగా, "సరళీ స్వరాలు వాయించెయ్, ఆయనకేం తెలుస్తుంది?" అన్నారు.

చిన్నప్పుడు పాట మాస్టారి దగ్గర నేర్చుకున్నవే. స్వరాలు వెతుక్కుంటూ ఒక్క తీగ మీద పైకెక్కాను, దిగాను. తప్పిన చోట ఆగి, సరిచేసుకుని మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి మావారు తొడ మీద తాళం అందుకున్నారు. ఆపైన గొంతు కూడా కలిపారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన పాడగా నేను వినలేదు. పైగా శ్రుతిలో ఉన్నారు!

"ఏం పాటది?" అన్నాడు పెద్దాయన.

"పాట కాదండీ. మా దేశంలో పిల్లలకు మొట్టమొదట నేర్పే సంగీత పాఠం."

ఆయన లేచి గిటారు పెట్టె తెచ్చాడు. తర్వాత, "మా అమ్మా అంతే. తప్పు పోతే ఆగి, సరిచేసుకునే ముందుకెళ్లేది," అంటూ గిటారును పెట్టెలో పడుకోబెట్టి నా చేతికిచ్చాడు. చలికాలం హీటర్ వేడికి చెక్క పగులుతుందని, పెట్టెలో తడి స్పాంజి ఉంచమని మరీ మరీ చెప్పాడు.

ఇప్పుడా స్పాంజి తడిపే పని మావారిదే. "నా మోకాళ్ల మీద కూడా ఇంత శ్రద్ధ లేదు నీకు," అని సణుగుతూనే తడుపుతారు. క్లాసు పాటలు నాకింకా నత్తనడకే. పొద్దున కాఫీ అయ్యాక మాత్రం ఇద్దరం కూర్చుని స్వరాలు సాధన చేస్తాం.

మొన్న అలా కూర్చున్నప్పుడే వాంకూవర్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. "మామ్, ఈజ్ దట్ డాడ్? సింగింగ్?" అంది.

"అవునే. ఆగు, ఆపమంటాను."

"ఆపేదేంటి?" అన్నారు మావారు. "స్పీకర్ ఆన్ చెయ్."